హెల్ప్ నొక్కితే నెట్ లేదంటది

"దాదా, హెల్ప్ నొక్కితే నెట్ లేదంటది. నెట్ ఉంటే దీన్నెందుకు అడుగుత?"

పోయిన వానాకాలం మా కంప్యూటర్ గదిలో ఒక పిల్ల అడిగిన మాట ఇది. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. వాళ్ళ గూడెం వాగు అవతల. నాకు జవాబు దొరకలేదు, నవ్వేసి ఊరుకున్నాను. ఆ నవ్వుకు సిగ్గుపడి ఈ వ్యాసం రాస్తున్నాను.

సంగతి మొదటినుంచి చెప్తాను. మన రచయితలం నాలుగేళ్ళు గూడేలు తిరిగి రాసుకొచ్చిన గోండి మాటలు మూడు వేల పైచిలుకు ఉన్నాయి. పంటల పేర్లు, చెట్ల పేర్లు, చుట్టరికాలు, పాటల్లో తప్ప ఇంకెక్కడా వినపడని పాత మాటలు. వీటిని తెలుగు అక్షరాల్లో కంప్యూటర్లోకి ఎక్కించాం. అప్పటికి మా మిషన్లలో మన లిపి కొట్టే కీబోర్డు లేదు మరి. తెలుగు అక్షరాల్లో ఎక్కిస్తే మిషను తెలుగు వరసలోనే పేరుస్తుంది. పెద్దలు ఒప్పుకోలేదు. గుంజాల లిపికి దాని వరస దానికి ఉంది. అందులో హల్లులు 'క'తో మొదలు కావు. ముందు 'య', తర్వాత వ, బ, భ, మ, ఆ తర్వాతే క. నిఘంటువు మనదైతే వరస కూడా మనదే కావాలన్నారు. న్యాయమైన మాట. దీపావళికి దండారి జట్లు తిరిగే రోజుల్లో పెద్దలంతా ఒకచోట దొరుకుతారు కాబట్టి, అప్పుడు పట్టిక మొత్తం చదివి వినిపించి తప్పులు దిద్దించుకోవాలనుకున్నాం.

ఆ వరస మార్చే ప్రోగ్రాం రాయడం ఈ పిల్ల పని. పైథాన్ కొంత వచ్చు. మాటల్ని పేర్చడానికి అందులో 'సార్టెడ్' అని ఒక ఫంక్షన్ ఉందని తెలుసు. దానికి మన వరస ఎట్లా చెప్పాలో తెలియదు. నేనూ మర్చిపోయాను. ఇంతలో ఆగస్టు వానకు చెట్టు కూలి కేబుల్ తెగింది. మూడు వారాలు నెట్ లేదు. ఒక ఆదివారం ఆ పిల్ల గుట్ట ఎక్కి, ఫోన్లో రెండు గీతలు కనపడే బండ మీద నిలబడి, దొరికిన పేజీని దొరికినంత స్క్రీన్‌షాట్ తీసుకొచ్చింది. సగం పేజీ వచ్చింది. మిగతా సగం తెరుచుకోలేదు. కావాల్సింది ఆ రెండో సగంలో ఉంది.

కేబుల్ అతికించే నాటికి ఆమెకు పరీక్షలు. పరీక్షలు అయ్యేసరికి దీపావళి అయిపోయింది. పట్టిక పెద్దల ముందుకు పోలేదు. దాన్ని దిద్దాల్సిన ఇద్దరు పెద్దల్లో ఒకాయనకు ఈ ఏడు చెవులు వినపడట్లేదు.

కడుపు మండే సంగతి ఇంకా చెప్పలేదు. ఆ జవాబు మూడు వారాలూ ఆ మిషన్లోనే ఉంది. పైథాన్ తెరిచి, హెల్ప్ అని కొట్టి, బ్రాకెట్లలో సార్టెడ్ అని రాస్తే చాలు. నాలుగు ముక్కలు వస్తాయి. వరసను మన ఇష్టప్రకారం మార్చుకోవడానికి 'కీ' అనే ఫంక్షన్ ఇవ్వవచ్చని ఆ నాలుగు ముక్కల్లోనే ఉంది. ఇంకా వివరం కావాలంటే స్టార్ట్ మెనూలో పైథాన్ కింద 'మాన్యువల్స్' అని ఒకటి, 'మాడ్యూల్ డాక్స్' అని ఒకటి ఉన్నాయి. మొత్తం పుస్తకం. పాఠాలు, ఉదాహరణలు, సూచిక అన్నీ. ఇన్‌స్టాల్ చేసిన రోజే అది మా హార్డ్ డిస్కులోకి వచ్చి కూర్చుంది. నేను ఎప్పుడూ తెరవలేదు. పిల్లలకు చెప్పలేదు. నేను హైదరాబాద్‌లో చదువుకున్న చోట నాకూ ఎవరూ చెప్పలేదు. డౌట్ వస్తే గూగుల్ చెయ్ అన్నారు. అదే చదువనుకున్నాను. అదే చదువు తెచ్చి ఇక్కడ పంచాను.

ఇందులో పైథాన్ తప్పేమీ లేదు. వాళ్ళు చేయాల్సింది చేశారు. పనిముట్టు ఇచ్చారు, దాన్ని వాడే తీరు రాసిన పుస్తకాన్ని పనిముట్టుతో పాటే పంపారు. అందరూ ఇట్లాగే ఉంటే ఈ వ్యాసం నా ఒక్కడి తప్పు ఒప్పుకోలుతో అయిపోయేది. అందరూ ఇట్లా లేరు.

మాటలు వరసలోకి వచ్చాక వాటిని రెండు కాలమ్‌ల పేజీలుగా అచ్చుకు సిద్ధం చేయాలి. దానికి ఇంకో పనిముట్టు వాడాం. పేరెందుకులే, ఉచితంగా ఇచ్చేదే, మంచిదే. ఈసారి తెలివి తెచ్చుకుని ముందే ఆదిలాబాద్ పోయినప్పుడు దాని డాక్యుమెంటేషన్ డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్నాను. 'ఆఫ్‌లైన్ కోసం' అని వాళ్ళే రాసిపెట్టిన జిప్ ఫైలు. గదిలో తెరిచాం. అక్షరాలు చిందరవందరగా వచ్చాయి, ఎందుకంటే ఫాంటూ పేజీ ముస్తాబూ ఎక్కడో బయటి సర్వర్ నుంచి రావాలి. బొమ్మలున్న చోట ఖాళీ డబ్బాలు. రెండో అధ్యాయం లింకు నొక్కితే పాఠానికి బదులు ఫోల్డర్లోని ఫైళ్ళ జాబితా వచ్చింది. ఇంకో లింకు నొక్కితే అసలు ఫైలే లేదంది. వెతుకుదామని పైన సెర్చ్ డబ్బాలో మాట కొడితే చక్రం తిరుగుతూనే ఉంది. ఆ పిల్ల నా ముఖం చూసింది. ఆఫ్‌లైన్ అని బోర్డు కట్టిన చోట కూడా ఇదే బతుకు.

ఇది ఎందుకిట్లా అయిందో చెప్పాలి. కోపం సరైన చోట పడాలంటే కారణం తెలియాలి.

సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్ళు డాక్యుమెంటేషన్‌ను మామూలు ఫైళ్ళలో రాస్తారు. ఆ ఫైళ్ళను వెబ్ పేజీలుగా మార్చి, సూచికలు కట్టి, సెర్చ్ పెట్టడానికి వేరే పనిముట్లున్నాయి. స్ఫింక్స్, ఎంకెడాక్స్, డాక్యుసారస్, ఎండిబుక్ లాంటివి. పేజీ పెన్‌డ్రైవ్ నుంచి తెరుచుకుంటుందా లేదా అన్నది చాలావరకు ఈ పనిముట్టు చేతిలో ఉంటుంది. రాసేవాళ్ళకు దాని ధ్యాసే ఉండదు.

ఉదాహరణకు లింకులు. అందంగా కనపడాలని చాలా పనిముట్లు చిరునామాలో ఫైలు పేరు లేకుండా ఫోల్డర్ పేరుతో ఆపేస్తాయి. సర్వర్ ఉన్నప్పుడు ఆ ఫోల్డర్లోని మొదటి పేజీని సర్వరే వెతికి ఇస్తుంది. పెన్‌డ్రైవ్‌లో సర్వర్ ఎక్కడిది? అందుకే మాకు ఫైళ్ళ జాబితా కనపడింది. ఇంక సెర్చ్. ఏ మాట ఏ పేజీలో ఉందో రాసిన సూచిక ఒక ఫైలుగా పక్కనే ఉంటుంది. పేజీ దాన్ని చదవాలి. కానీ డిస్కు నుంచి నేరుగా తెరిచిన పేజీ పక్క ఫైలును తెచ్చుకుంటానంటే బ్రౌజర్ ఒప్పుకోదు. అది భద్రత కోసం పెట్టుకున్న కట్టడి, తప్పు పట్టలేం. అయితే అదే సూచికను స్క్రిప్టు రూపంలో రాస్తే అదే బ్రౌజర్ అడ్డు చెప్పదు. తేడా ఇంతే. స్ఫింక్స్ ఇట్లాగే చేస్తోంది. పైథాన్ డాక్యుమెంటేషన్ కోసం పుట్టి 2008లో బయటికి వచ్చిన పనిముట్టు అది. దానితో కట్టిన పేజీలను పెన్‌డ్రైవ్‌లో పెట్టి డబుల్ క్లిక్ చేస్తే సెర్చ్ పనిచేస్తుంది. ఎంకెడాక్స్‌కు 'మెటీరియల్' అని బాగా పేరున్న రూపం ఒకటుంది. దాంట్లో ఆఫ్‌లైన్ అనే ప్లగిన్ ఉంది. అది పెడితే ఫోల్డర్ లింకులు ఫైలు లింకులవుతాయి, సెర్చ్ సూచిక స్క్రిప్టుగా మారుతుంది. కానీ దాన్ని ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని పెట్టాలి. ఎవరు పెడతారు? బెంగుళూరులో ఫైబర్ లైన్ మీద కూర్చున్నాయనకు అది అవసరమని ఎందుకు తోస్తుంది? ఇంక కొన్ని పనిముట్లయితే సెర్చ్‌ను ఏకంగా ఆల్గోలియా లాంటి బయటి సర్వీసుకు అప్పజెప్పమని సలహా ఇస్తాయి. పుస్తకం మన దగ్గర ఉన్నా, విషయసూచిక ఇంకో ఊళ్ళో ఉన్నట్టు.

కాబట్టి నా గొడవ ముందుగా ఈ పనిముట్లు చేసేవాళ్ళతోనే. ఆఫ్‌లైన్‌ను మీరు అదనపు సౌకర్యంగా పెట్టారు. అది పునాదిలో ఉండాల్సింది. ఏమీ ముట్టుకోకుండా కట్టిన డాక్యుమెంటేషన్ ఏ మిషన్లోనైనా, ఏ పెన్‌డ్రైవ్ నుంచైనా, డబుల్ క్లిక్‌తో తెరుచుకోవాలి. నెట్ ఉంటేనే పనిచేసే సొగసులు కావాలనుకున్నవాళ్ళు వెళ్ళి ఆ మీట నొక్కుకోవాలి. ఇప్పుడు మీటలు తిరగేసి బిగించి ఉన్నాయి.

ఇది చేతకాని పనా అంటే కాదు. 1971 నవంబరులో యూనిక్స్ మొదటి మాన్యువల్ వచ్చింది. కమాండుకొక పేజీ. తర్వాత అవే పేజీలు మిషన్లోకి చేరాయి. ఈనాటికీ లినక్స్‌లో 'మ్యాన్' అని కొట్టి పక్కన కమాండు పేరు రాస్తే ఆ పేజీ వస్తుంది, నెట్ ఉన్నా లేకున్నా. రస్ట్ అనే భాష నిన్నమొన్నటిది. దాన్ని ఇన్‌స్టాల్ చేస్తే దాని పుస్తకాలు కూడా మిషన్లోకి వస్తాయి, ఒక్క కమాండుతో తెరుచుకుంటాయి. డెబియన్ లినక్స్ వాళ్ళకు ఒక నియమం ఉంది, ప్యాకేజీ కట్టేటప్పుడు నెట్ తాకకూడదు. వాళ్ళ తనిఖీ ప్రోగ్రాం ఒకటి, లింటియన్ అని, డాక్యుమెంటేషన్ పేజీ బయటి సర్వర్ నుంచి ఫాంటో స్క్రిప్టో లాక్కుంటుంటే పట్టుకుని చూపిస్తుంది. దాన్ని వాళ్ళు గోప్యతకు భంగం కింద లెక్కేస్తారు. బాగా ఆలోచించినవాళ్ళే. మన డిస్కు మీది పుస్తకం మనం తెరిచిన సంగతి బయటివాడికి ఎందుకు తెలియాలి?

ఇంతమంది ఇన్నేళ్ళుగా చేస్తున్న పనిని కష్టం అంటే నేను నమ్మను.

వాళ్ళు చెప్పే సాకులు నేను విన్నాను. మొదటిది, నెట్ వచ్చేస్తోంది కదా, ఇంకెన్నాళ్ళు అని. ఈ మాట నేను బడికి పోయే రోజుల నుంచి వింటున్నాను. 2022 జూలైలో కేంద్ర మంత్రివర్గం సిగ్నల్ లేని 24,680 గ్రామాలకు 4జీ తెస్తామని 26,316 కోట్లు మంజూరు చేసింది. అంటే అన్ని ఊళ్ళకు సిగ్నల్ లేదని సర్కారే లెక్కపెట్టి ఒప్పుకుంది. పైగా టవర్ లేచినంత మాత్రాన నెట్ వచ్చినట్టు కాదు. కరెంటు పోతే టవర్ పడుకుంటుంది. డీజిల్ లేకపోతే లేవదు. వానకు లైను తెగితే మా గదికి జరిగిందే అందరికీ జరుగుతుంది. రేషన్ మిషను మీద వేలు పెట్టడానికి గుట్టలెక్కిన జనానికి ఈ సంగతి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు.

నెట్ రాకపోవడం ఒకటైతే, ఉన్న నెట్‌ను తీసేయడం ఇంకొకటి. 2019 ఆగస్టులో కశ్మీర్‌లో నెట్ ఆపేశారు. అక్కడ 4జీ మళ్ళీ వచ్చింది 2021 ఫిబ్రవరిలో. 2023 మేలో మణిపూర్‌లో గొడవలు మొదలయ్యాక నెలల తరబడి మొబైల్ ఇంటర్నెట్ లేదు. అక్కడి కొండల్లోనూ మనలాంటి పిల్లలే చదువుకుంటున్నారు. ఒక ఆర్డరు కాగితంతో మూతపడే పుస్తకాన్ని నమ్ముకుని చదువుకోమని చెప్పేవాళ్ళు, ఆ ఆర్డరు తమ ఊరికి రాదనే ధీమాతో చెప్తున్నారు.

రెండో సాకు, బ్రౌజర్లోనే ఆఫ్‌లైన్ ఉంది కదా, ఒకసారి తెరిస్తే దాచిపెట్టుకుంటుంది అని. దాచుకుంటుంది, నిజమే. చాలా చోట్ల మనం చూసిన పేజీలను మాత్రమే దాచుకుంటుంది. మనకు రేపు ఏ పేజీ కావాలో ఇవాళ తెలిస్తే ఇంక పుస్తకమెందుకు? పైగా ఆ దాపుడు బ్రౌజర్ దయ. డిస్కులో చోటు తక్కువైతే తీసేస్తుంది. సఫారీ 2020 నుంచి, ఏడు రోజుల వాడకంలో ఆ సైటు వైపు పోకపోతే అది దాచిన సరుకును తుడిచేస్తోంది. వాగు పొంగితే మా పిల్లలు ఏడు రోజులు గదికే రారు. ఇంక ల్యాబుల్లో చాలా మిషన్లు రాత్రికి ఆపేస్తే పొద్దున్నే కొత్తగా పుట్టినట్టు లేస్తాయి. డెవ్‌డాక్స్ లాంటి సైటు మొత్తం డాక్యుమెంటేషన్‌ను బ్రౌజర్లో దించుకోనిస్తుంది. మంచిదే, నేనూ వాడతాను. కానీ జీల్ లాంటి ప్రోగ్రాం మేలు. అది డాక్యుమెంటేషన్ కట్టలను డిస్కు మీద ఫైళ్ళుగానే పెడుతుంది. ఫైలంటే చేతిలో పట్టుకునేది, ఇంకొకరికి ఇచ్చేది.

మూడో మాట ఈమధ్య వచ్చింది. డాక్యుమెంటేషన్ ఎవరు చదువుతారు, ఏఐని అడిగితే చెప్తుంది కదా అని. అడగడానికైనా చాలావరకు నెట్ కావాలి కదా అనే దగ్గరే ఆ మాట ఆగిపోతుంది కాబట్టి దాని మీద ఎక్కువ రాయను.

అసలు సాకు మాత్రం నోటితో చెప్పరు. ఆఫ్‌లైన్‌లో ఎంతమంది చదువుతారు, మా లెక్కల్లో కనపడరే అన్నది. ఎట్లా కనపడతారు? డాక్యుమెంటేషన్ సైట్లలో లెక్కపెట్టే స్క్రిప్టులుంటాయి. ఎవరు వచ్చారు, ఏ దేశం, ఏ పేజీ ఎంతసేపు చూశారు అని రాసుకుంటాయి. నెట్ లేనివాడు ఆ లెక్కలోకి రాడు. లెక్కలోకి రానివాడి కోసం పని చేయరు. పని చేయలేదు కాబట్టి వాడు ఎప్పటికీ లెక్కలోకి రాడు. ఈ చక్రం మనకు తెలియనిదా? అడవిలో ఎంతమంది ఉన్నారో రోడ్డు మీద నిలబడి లెక్కపెట్టి, ఎవరూ లేరని రాసుకుపోయినవాళ్ళను మన తాతలు చూశారు. ఆ పిల్ల బండ మీద నిలబడి తెచ్చుకున్న సగం పేజీ వాళ్ళ లెక్కలో ఎట్లా పడి ఉంటుందో తెలుసా? 'ఒక పాఠకురాలు వచ్చింది, కొద్ది సెకన్లలో వెళ్ళిపోయింది' అని. ఆసక్తి లేక పోయిందనుకుంటారు.

ఇంకో సంగతి ఉంది, దీన్ని నెట్ నిండుగా ఉన్నవాళ్ళు కూడా వినాలి. మా గదిలో మిషన్లు పాతవి, విండోస్ 7. దాని మీద నడిచే ఆఖరి పైథాన్ 3.8. నెట్ ఉన్న రోజు వెతికితే ముందుగా వచ్చే పేజీ కొత్త వర్షన్‌ది. ఒకసారి ఒక పిల్లవాడు ఆ పేజీ చూసి 'మ్యాచ్' అనే వాక్యంతో ప్రోగ్రాం రాశాడు. అది 3.10లో వచ్చింది. మా మిషను తప్పు అంటుంది. పొద్దంతా ఆ పిల్లవాడు తన తప్పు ఎక్కడుందో వెతుక్కున్నాడు. వాడి తప్పు ఏమీ లేదు. నెట్ మీది పేజీలో వర్షన్ మార్చుకునే చోటు ఉంది, కానీ ఉందని తెలిసినవాడికే అది కనపడుతుంది. అదే మిషన్లోకి పైథాన్‌తో పాటు వచ్చిన మాన్యువల్ 3.8 గురించే చెప్తుంది, లేనిదాన్ని ఉందని చెప్పదు. పనిముట్టూ పుస్తకమూ ఒకే రోజు ఒకే సంచిలో వస్తే ఒకదానికొకటి సరిపోతాయి. పాత మిషన్లు వాడేవాళ్ళు అడవిలోనే కాదు, పట్నంలో సర్కారు ఆఫీసుల్లోనూ ఉన్నారు.

కేస్లాపూర్ నాగోబా పూజకు మెస్రం వంశంవాళ్ళు గోదావరి దాకా చెప్పుల్లేకుండా నడిచిపోయి నీళ్ళు మోసుకొస్తారు. నీళ్ళు గోదావరిలో ఉన్నాయి, కావాల్సినవాళ్ళు అప్పుడు పోయి చూసుకోండి అని ఎవరూ అనరు. కావాల్సిన చోటికి, కావాల్సిన వేళకు ముందే తెచ్చి ఉంచుతారు. 1940లలో హైమన్‌డార్ఫ్ మార్లవాయిలో ఉన్న కాలంలో గోండి వాచకాలు వచ్చాయి. అప్పుడు మన ఊళ్ళకు రోడ్డే లేదు. అయినా వాచకం పిల్ల చేతికొచ్చాక, అది తెరుచుకోవడానికి ఎక్కడో ఉన్నవాడి అనుమతి అక్కర్లేకపోయింది. ఎనభై ఏళ్ళ తర్వాత మనకిచ్చిన పుస్తకం, తెరిచిన ప్రతిసారీ వేల మైళ్ళ అవతలికి వెళ్ళి తలుపు కొట్టాలంటోంది.

మన తప్పు కూడా రాయాలి. గోండి లిపులకు యూనికోడ్‌లో చోటు దొరికింది. మసరాం గోండికి 2017లో, గుంజాల గోండికి 2018లో. నోటో ఫాంట్లు రెండింటికీ ఉన్నాయి, ఉచితం. మనవాళ్ళు ఎంతో శ్రమపడితే వచ్చిన చోటు అది. మరి ఆ లిపిని కంప్యూటర్లో కొట్టడం ఎట్లాగో నేర్పడానికి మన కుర్రవాళ్ళు చేసిందేమిటి? యూట్యూబ్ వీడియో. నేను కూడా ఒకటి చేశాను. పద్నాలుగు నిమిషాలు. నెట్ లేని గూడెంలో మన లిపి నేర్చుకోవాలంటే ముందు నా వీడియో దిగాలి, నెట్ లేకుండా అది దిగదు. ఎవరినో తిట్టే ముందు నేను చేసిన పని ఇది. కీమ్యాన్ అనే కీబోర్డు పద్ధతిలో కీబోర్డు ప్యాకేజీలోనే ఒక స్వాగత పేజీ పెట్టే చోటు ఉంది. ఏ మీట నొక్కితే ఏ అక్షరం వస్తుందో బొమ్మతో సహా అందులో పెట్టవచ్చు. కీబోర్డు ఏ మిషన్లోకి పోతే ఆ పేజీ అక్కడికి పోతుంది. వీడియోకు పట్టిన సమయంలో నాలుగో వంతు పట్టదు. ఈ పని ఇప్పుడు మొదలుపెట్టాం. పేజీ తెలుగులోనూ గోండిలోనూ ఉంటుంది.

సాఫ్ట్‌వేర్ వాళ్ళను మనం అడగాల్సింది ఏమిటో తేటగా చెప్తాను. మన చదువుకున్న పిల్లలు కొందరు ఇప్పుడు కంపెనీల్లో ఉన్నారు, వాళ్ళూ అడగాలి. ప్రోగ్రాం ఇచ్చే చోటే, ఆ వర్షన్‌దే, పూర్తి డాక్యుమెంటేషన్ ఇవ్వాలి. ఫాంట్లు, బొమ్మలు, స్క్రిప్టులు అన్నీ దాని కడుపులోనే ఉండాలి. సెర్చ్ అక్కడికక్కడ పనిచేయాలి. విడుదల చేసే ముందు వైఫై ఆపేసి, ఆ జిప్‌ను వేరే మిషన్లో విప్పి, కనీసం పది లింకులు నొక్కి చూడాలి. మనుషులకు తీరికలేదంటారా, ఆ తనిఖీ మిషను చేతే చేయించవచ్చు. నెట్ తీసేసిన చోట పేజీలు తెరిపించి, బయటికి పోబోయిన ప్రతి లింకునూ తప్పు కింద రాయించవచ్చు. ప్రోగ్రాం తప్పుగా నడిస్తే విడుదల ఆపుతారు కదా, దాని పుస్తకం తెరుచుకోకపోతే ఎందుకు ఆపరు? లాగిన్ అయితేనే హెల్ప్ చూపిస్తాం అనే వాళ్ళు కూడా ఉన్నారు. సామాను అమ్మి, వాడే తీరు చెప్పడానికి మళ్ళీ పేరూ ఫోన్ నంబరూ అడగడం ఏ సంతలోనూ నేను చూడలేదు.

ఇంకొకటి, కాపీ చేసుకునే హక్కు. గదిలో ఒక మిషను నుంచి పదకొండు మిషన్లకు, అక్కడి నుంచి వాగు అవతలికి పోవాలంటే పంచుకోవడం నేరం కాకూడదు. ఫ్రీ సాఫ్ట్‌వేర్‌కు ఫ్రీ మాన్యువల్ కూడా ఉండాలని రిచర్డ్ స్టాల్‌మన్ ఎప్పుడో వాదించాడు. గ్నూ వాళ్ళు దానికోసమే 2000లో విడిగా ఒక లైసెన్సు రాశారు. మాన్యువల్‌ను కాపీ చేయవచ్చు, మార్చవచ్చు, అనువదించవచ్చు. అనువాదం మాట మనకు ముఖ్యం. నెట్ మీద పేజీగా మాత్రమే ఉన్నదాన్ని మనం చూడగలం, అంతే. ఫైలుగా చేతికొచ్చినదాన్ని గోండిలోకి తిప్పగలం, కొలామీలోకి తిప్పగలం, పక్కన మన ఉదాహరణ ఒకటి చేర్చగలం. ఆ పిల్ల 'సార్టెడ్' దగ్గర తన ఉదాహరణ రాసింది. గుంజాల వరసలో పేర్చే ఎనిమిది లైన్ల ప్రోగ్రాం. ఇప్పుడు మా గది మాన్యువల్‌లో ఆ పేజీ ఉంది. పైథాన్ వాళ్ళ పేజీలో లేదు.

ఇవన్నీ జరిగేదాకా చేతులు ముడుచుకుని కూర్చోలేం. మా గదిలో ఒక పెన్‌డ్రైవ్ తయారైంది. 3.8 పైథాన్ మాన్యువల్, ఇన్‌స్టాల్ చేసే ఫైలుతో సహా. జీల్, దానికి కావాల్సిన కట్టలు. లిబ్రే ఆఫీసుతో పాటు దాని ఆఫ్‌లైన్ హెల్ప్ ప్యాక్, అది విడిగా దించుకోవాల్సింది, చాలామందికి తెలియదు. కీవిక్స్, దానితో తెలుగు వికీపీడియా. నోటో గోండి ఫాంట్లు రెండూ. ప్రతిదాన్నీ ఆ పిల్లే కేబుల్ పీకేసిన మిషన్లో తెరిచి, లింకులు నొక్కి, సెర్చ్ కొట్టి చూసింది. పనిచేయనివి పక్కన పెట్టింది. పక్కన పెట్టిన వాటి జాబితా పెద్దదే. ఒక్కొక్కటి ఎక్కడ చెడిందో కాగితం మీద రాసి ఉంచింది, కేబుల్ ఉన్న రోజుల్లో తయారుచేసినవాళ్ళకు పంపుతున్నాం. ఇద్దరు జవాబిచ్చారు. ఒకరు సరిచేశారు. ఇంకొకరు మంచి నెట్ ఉన్న చోట ప్రయత్నించమని సలహా ఇచ్చారు.

ఈ దీపావళికి పట్టిక సిద్ధంగా ఉంది. య నుంచి మొదలవుతుంది. చెవులు వినపడని పెద్దాయనకు పెద్ద అక్షరాల్లో అచ్చు తీసి ఇస్తున్నాం, ఆయన గుంజాల లిపి చదవగలడు. పెన్‌డ్రైవ్ కావాల్సినవాళ్ళు సంత రోజు గదికి రండి. ఖాళీది మీరే తెచ్చుకోండి, 32 జీబీ చాలు. కాపీ కావడానికి అరగంట పడుతుంది, అప్పటిదాకా టీ తాగొచ్చు.